ఋతువు మారితే ఖాళీ అయ్యే పడక

బదరీనారాయణుడు చలికాలంలో బస మారుస్తాడు. కార్తీకం దాటి కొండదారులు మంచుతో మూసుకొనిపోయే వేళకు బదరీనాథ ఆలయపు తలుపులు మూస్తారు. మరల వైశాఖంలో తెరిచేవరకు స్వామికి శీతకాలపు పూజాస్థానం దిగువనున్న జోషీమఠంలోని నరసింహాలయం. మన తెలుగు యాత్రికులకు ఈ ఊరి పేరు కొత్త కాదు. శంకర భగవత్పాదుల జ్యోతిర్మఠం ఇదే. వైష్ణవులు ఎన్నుకొనే నూట యెనిమిది దివ్యదేశాలలో ఇదీ ఒకటి. అయితే బదరికి పోయేవారు అక్కడ ఒక రాత్రి నిద్రచేసి తెల్లవారుతూనే బస్సెక్కుతారు కనుక, ఆ ఊరి శీతకాలాన్ని చూచినవారు మనలో బహు తక్కువ.

పుష్య మాఘాలలో ఆ ఊరికి వేరొక జాతి యాత్రికులు వస్తారు. వీరి చేతిలో జపమాల ఉండదు. భుజంమీద రెండు పొడవాటి బద్దలు ఉంటాయి. ఊరికి పైన ఔలీ అనే పచ్చికబయలు ఉన్నది. సముద్రమట్టానికి సుమారు రెండున్నర వేల మీటర్ల నుండి మూడు వేల మీటర్ల ఎత్తువరకు సాగే ఆ వాలు, చలికాలంలో పూర్తిగా మంచుతో కప్పబడిపోతుంది. ఎదుట 7,816 మీటర్ల నందాదేవి శిఖరం. కాళ్ళకు బద్దలు బిగించుకొని ఆ మంచుమీద జారే క్రీడకే స్కీయింగని పేరు. 2011లో దక్షిణాసియా దేశాల తొలి శీతకాలపు క్రీడలలో కొన్ని పందేలు ఇక్కడనే జరిగినవి.

ఈ క్రీడ ధనికులదని మనలో ఒక గట్టి నమ్మకం ఉన్నది. జీతంమీద బ్రతికే ఉపాధ్యాయుడు గాని, హాస్టలులో చదువుకొనే విద్యార్థి గాని తమకు కాని విషయమని ఆ పుట త్రిప్పివేస్తారు. ఆ నమ్మకంలో సగమే నిజం. స్కీయింగుకు పోదలచినవానికి రైలు, బస్సుల ఖర్చు కలదు. బద్దలు, బూట్ల అద్దె కలదు. నేర్పేవానికి ఇచ్చే రుసుము కలదు. తిండి, పడక కలవు. రైలు ఛార్జీని మనం తగ్గించలేము. బద్దల అద్దెలోనూ పెద్ద తేడా రాదు. పడక ఒక్కటే మన తెలివినిబట్టి పదింతలు పెరిగేదీ, పదోవంతుకు దిగేదీ. కనుక మంచుకొండకు పోవుట సాధ్యమా కాదా అనే ప్రశ్న చివరకు రాత్రి ఎక్కడ తల వాల్చుట అనే ప్రశ్నగా తేలుతుంది.

కొండమీద గది ఎందుకు ప్రియమో ముందు చూడవలె. పైనున్న హోటలు యజమాని మూడు నాలుగు నెలల రాబడితో పన్నెండు నెలలు గడపవలసినవాడు. బియ్యపు బస్తా మొదలుకొని గ్యాసు బండవరకు అన్నీ దిగువనుండి ఎక్కవలసినవే. రాత్రివేళ గొట్టాలలోని నీరు గడ్డకట్టి అవి పగిలిపోతాయి. గది వెచ్చగా ఉండవలెనంటే ఎడతెగక ఇంధనం కాలవలె. పైగా జారుడు వాలు అంచున ఇల్లు కట్టదగిన నేల జానెడు. దానిని కోరేవారు వేలు. అందరూ రాదలచినది కూడ ఒకే వారం - క్రిస్మసుకూ కొత్త సంవత్సరానికీ మధ్య. బ్రహ్మోత్సవాలలో తిరుమలకొండమీద గది వెదికినవారికి ఈ న్యాయం వేరుగా బోధింపనక్కరలేదు. ఫ్రాన్సుదేశంలో ఈ తాకిడిని పంచుటకై దేశాన్ని మూడు మండలాలుగా విభజించి, శీతకాలపు బడి సెలవులను ఒక్కొక్క మండలానికి వేరు వేరు వారాలలో ఇస్తున్నారు.

ఇక చౌక పడక మాట. దాని చరిత్ర తిరగవేస్తే ఒక చిత్రమైన సంగతి కనబడుతుంది. మంచుకొండలలో చౌకగా దొరికిన పడకలలో పెక్కు మంచుకోసం కట్టినవి కావు. అవి మరొక ఋతువుకోసం, మరొకరికోసం కట్టినవి; వారు వెళ్ళిపోయిన తరువాత ఖాళీగా మిగిలినవి.

అసలు ఆల్ప్స్ పర్వతాలలో శీతకాల విహారమే ఖాళీ గదులతో మొదలైనదని చెప్పుకొంటారు. స్విట్జర్లండులోని సెయింట్ మోరిట్జ్ గ్రామంలో యోహాన్నెస్ బాద్రుట్ అనే హోటలుదారుకు ఇంగ్లీషు అతిథులు వేసవిలోనే వచ్చేవారు. చలికాలమంతా గదులు పాడుపడి ఉండేవి. 1864లో సెలవులు ముగించుకొని పోతున్న కొందరితో ఆయన పందెం వేసినాడట: చలికాలంలో వచ్చి చూడండి, ఎండ లేకపోతే దారిఖర్చు నాది. వారు వచ్చినారు, ఎండ కాచినది, ఈస్టరు వరకు ఉండిపోయినారు. కథకు కొంత నగిషీ పట్టియుండవచ్చును. కాని హోటలుదారుని బాధ మాత్రం పచ్చి నిజం. ఆ గ్రామం తరువాత కుబేరుల విడిదిగా మారుట వేరే సంగతి; ఖాళీ గది నిండినకొద్దీ వెల పెరుగుతుంది గదా.

ఖాళీ గదిని బీదపిల్లలకోసం చూచినవాడు ఒక బడిపంతులు. జర్మనీలో ఆల్తెనా పట్టణపు ప్రాథమిక పాఠశాలలో రిచర్డ్ షిర్మాన్ అనే ఉపాధ్యాయుడు ఉండెడివాడు. నాలుగు గోడల నడుమ చెప్పిన భూగోళం పిల్లలకు ఒంటబట్టదని ఆయన అభిప్రాయం. అందుచేత వారిని వెంటబెట్టుకొని రోజులతరబడి కాలినడకన ఊళ్ళు తిరిగేవాడు. 1909 ఆగస్టులో అట్టి నడకలో ఒకనాడు ఉరుములతో పెద్దవాన ముంచుకొని వచ్చినది. పిల్లలతో తలదాచుకొనుటకు ఒక పల్లెబడి దొరికినది. సెలవులు కనుక బడి ఖాళీగా ఉన్నది. బల్లలు గోడవారకు జరిపి, గడ్డి పరచి పిల్లలను పడుకోబెట్టినారు. పిల్లలు నిద్రపోయినారు గాని పంతులుకు నిద్ర పట్టలేదు. ప్రతి ఊరిలోనూ బడి ఉన్నది, ప్రతి బడీ సెలవులలో ఖాళీగా ఉంటుంది, ఒక రోజు నడకదూరంలో ఇట్టి పడకలు వరుసగా ఏర్పరచినచో దేశమంతా పిల్లలు తిరుగవచ్చును గదా అని ఆ రాత్రి ఆయన ఆలోచించినాడు.

ఆలోచన తెల్లవారి ఆవిరైపోలేదు. దానిని పత్రికలో వ్రాసినాడు, తన బడి గదిలోనే మొదట అమలు జరిపినాడు. 1912లో ఆల్తెనా కొండమీది పాత కోటలో శాశ్వతమైన వసతిగృహం వెలసినది. అంతస్తులుగా అమర్చిన చెక్క పడకలతో ఉన్న ఆ తొలి గదులను నేటికీ ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. యూత్ హాస్టలు అని లోకమంతటా వాడుకలోనికి వచ్చిన మాటకు పుట్టిల్లు అదే. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పలుదేశాల సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడినవి. ఆల్ప్స్ లోయలలో ఈనాటికీ కొద్ది డబ్బుతో స్కీయింగుకు పోయే విద్యార్థి మొదట వెదికేది ఇట్టి హాస్టలునే. ఒక గదిలో ఆరుగురో ఎనమండుగురో. దుప్పటి తానే పరచుకొనవలె. వాలు దగ్గరకు బస్సులో పోవలె. ఆ మూడు కష్టాలకు ఒప్పుకొన్నవానికి ఆ కొండ అందుబాటులోనికి వస్తుంది.

ఫ్రెంచివారు ఇంకొక అడుగు ముందుకు వేసినారు. 1953లో పారిసు ప్రక్కనున్న వాన్వ్ పట్టణపు బడిపిల్లలను, డాక్టర్ మాక్స్ ఫురెస్తియే అనే వైద్యుని ప్రోద్బలంతో, ఉపాధ్యాయులతో సహా సావోయ్ కొండలకు తరలించినారు. పాఠాలు మానలేదు, తరగతిగదినే మంచులోనికి తీసికొనిపోయినారు. మంచు తరగతులని పేరుపొందిన ఈ పద్ధతి దేశమంతా వ్యాపించినది. ప్రొద్దుట లెక్కలు, వ్యాకరణం, మధ్యాహ్నం స్కీయింగు. పడకలెక్కడివి? పట్టణ సంఘాలు కూలిజనపు పిల్లల వేసవి శిబిరాలకై కొండలలో కట్టించుకొన్న భవనాలు పెక్కు ఉన్నవి. వేసవి పోతే అవి ఖాళీ. అక్కడను అదే సూత్రం.

మన దేశంలో గుల్మార్గు కథ కొంత ఇట్టిదే. తెల్లదొరలు అది వేసవి విడిదిగా ఏర్పరచుకొన్నారు. 1927లో కొందరు సైనికాధికారులు అక్కడ స్కీ సంఘం స్థాపించి, వేసవి ఊరిని చలికాలపు ఊరిగా మార్చినారు. నేడు తీగెబండి దాదాపు నాలుగువేల మీటర్ల ఎత్తువరకు మనుష్యులను చేరవేస్తున్నది. గదుల ధరలూ దానితోపాటే కొండెక్కినవి. పొదుపరులు పదమూడు కిలోమీటర్ల దిగువనున్న తంగ్‌మార్గులో దిగి, ఉదయం జీపులో పైకి పోతారు. అక్కడి కేంద్రప్రభుత్వ శిక్షణ సంస్థవారి తరగతులలో చేరగలిగినవారికి బస వెదకుకొనే శ్రమయే లేదు.

మరల జోషీమఠానికి వద్దాము. తెలుగువారికి లెక్క ఇక్కడ బాగా కుదురుతుంది. ఆ ఊరిలోని సత్రాలు, ధర్మశాలలు, చిన్న హోటళ్ళు బదరీయాత్రను నమ్ముకొని వెలసినవి. మే మొదలు నవంబరు నడిమి వరకు వాటిలో కాలు పెట్ట చోటుండదు. తలుపులు మూసిన మరునాటినుండి అవి బోసిపోతాయి. ఔలీలో వాలు అంచున పడుకొనుటకు పుష్కలంగా ధర చెల్లించే బదులు, దిగువ ఊరిలో యాత్రికుడు వదలిపోయిన మంచాన్ని అడిగి పుచ్చుకొనవచ్చును. పైన ఉండి తీరవలెనంటే గఢ్వాల్ మండల వికాస్ నిగమ్ వారి విడిదిలో పలువురు కలిసి పడుకొనే పెద్దగదులు ఉన్నవి. వారే ఏడు దినాలు, పదునాలుగు దినాల శిక్షణలు నడుపుతారు. బస, భోజనం, బద్దలు, శిక్షకుడు అన్నీ ఒకే రుసుములో కలిసివస్తాయి. ఒంటిగా పోయి ఒక్కొక్కటి బేరమాడేకంటె ఇదే మేలు.

సెలవుల లెక్క మాత్రం నిక్కచ్చిగా వేసికొనవలె. హైదరాబాదునుండి ఢిల్లీకి రైలులో ఒక దినం, అక్కడినుండి హరిద్వారం, ఋషికేశం, ఆపైన సుమారు రెండువందల యేబది కిలోమీటర్ల కొండదారి బస్సులో మరొక పూర్తిదినం. పోను మూడు, రాను మూడు అనుకొంటే సంక్రాంతి సెలవులలో చేతికి మిగిలేవి నాలుగైదు దినాలు. ఏడుదినాల తరగతికి అవి చాలవు. సెలవు పెట్టక తప్పదు. మంచు కూడ క్యాలెండరు చూచుకొని పడదు. ఈ మధ్య కొన్ని ఏండ్లుగా అది ఆలస్యమగుట, పలచగా పడుట తరచుగా కనిపిస్తున్నది. అందుచేత మూడు నెలల ముందే సొమ్మంతా కట్టి, తిరిగి రాదని రసీదులో వ్రాయించుకొనే పద్ధతి మన వంటివారికి పనికిరాదు.

ఇంతవరకు చెప్పి ఊరకుండుట న్యాయం కాదు. జోషీమఠం నిలిచియున్నది గట్టి రాతిమీద కాదు. ఎన్నడో విరిగిపడిన కొండచరియల మట్టి, రాళ్ళ గుట్టమీద. 1976లో మిశ్రా సంఘం ఈ మాటే చెప్పి, అక్కడ భారీ కట్టడాలు కూడదని హెచ్చరించినది. ఊరు పెరిగినది, అంతస్తులు పెరిగినవి, మురుగునీరు పోవుటకు సరియైన దారి ఏర్పడలేదు. దిగువ లోయలో జలవిద్యుత్తుకై సొరంగాలు త్రవ్వినారు. నేల క్రుంగుటకు అవే కారణమని ఊరివారి ఆరోపణ. 2023 జనవరిలో వందలాది ఇండ్ల గోడలు నిలువునా పగిలినవి. ఒకదానిపై ఒకటి ఒరిగిన రెండు హోటళ్ళను కూల్చుటకు అధికారులు ఉత్తరువులిచ్చినారు. పనికిరాని ఇండ్ల గోడలపై ఎఱ్ఱరంగుతో అడ్డగీతలు గీసినారు. జోషీమఠం నుండి ఔలీకి సుమారు నాలుగు కిలోమీటర్లు సాగే తీగెబండి ఆ నెలలోనే ఆగిపోయినది. ఆ చలికి కుటుంబాలు బడిగదులలోనూ తాత్కాలిక శిబిరాలలోనూ తలదాచుకొన్నవి. షిర్మాన్ పంతులు పిల్లలకు గడ్డి పరచినట్టి గదులే అవి కూడ. కాని వీరు విహారానికి వచ్చినవారు కారు.

కనుక చౌక పడకను వెదికేవాని చేతిలో ఒక చిన్న నిర్ణయం ఉన్నది. మనం కొత్త హోటలును కోరితే కొండమీద కొత్త బరువు పడుతుంది. ఉన్న ఇంటిలో ఖాళీగా ఉన్న గదిని కోరితే, శీతకాలంలో రాబడిలేక కూర్చున్న ఇంటివానికి నాలుగు రూపాయలు ముడతాయి. కొండకు కొత్త పునాది త్రవ్వనక్కరలేదు. ఇది దాతృత్వమేమీ కాదు, బేరమే. అయినా ఇరువురికీ గిట్టుబాటు అయ్యే బేరాలు యాత్రాస్థలాలలో అరుదు.

పోదలచినవారు డిసెంబరులోనే జోషీమఠపు సత్రంవారితో గాని, చిన్న హోటలువారితో గాని మాటాడుకొని మూడు సంగతులు తెలిసికొనవలె. వేడినీళ్ళు బకెట్టుతో ఇస్తారా, గొట్టంలో వస్తాయా? దీనికి బకెట్టు అని సమాధానం వస్తే దిగులుపడవద్దు, గడ్డకట్టని నీరు అదే. ఔలీకి రోడ్డుమీద సుమారు పదిహేను కిలోమీటర్లు. మంచు పడిన ఉదయాలలో జీపు ఎంతవరకు పోతుంది? మూడవది అడుగుటకు కొంచెం మొగమాటంగా ఉంటుంది గాని అడుగవలసినదే: 2023 తరువాత ఇంజనీర్లు వచ్చి ఆ ఇంటి గోడలు చూచినారా, చూచి ఏమన్నారు?