నమూనా యింటికి ప్లాస్టిక్ రేకు: ఎంత మందము?

మా తాతగారి నాటి మట్టిగోడల యిల్లు పడగొట్టుటకు ముందు నేను టేపు పట్టుకొని గదిగదియు కొలిచి, ఆ కొలతలను కాగితముపై వ్రాసికొంటిని. ఆ యింటిని ప్లాస్టిక్ రేకులతో చిన్న నమూనాగా కట్టి మనుమలకు చూపవలెనని నా కోరిక. కట్టితిని, రెండు నెలలలో గోడలు చేటవలె వంగిపోయినవి. తప్పు కొలతలలో లేదు. రేకు మందము నెన్నుకొనుటలో నున్నది. కనుక నేడు శ్రోతలకు ఆ మందమును గూర్చియే విన్నవింతును.

ఈ పనికి వాడునది పాలీస్టైరీన్ అను తెల్లని ప్లాస్టిక్ రేకు. ఇంగ్లండులో రైళ్లకును స్టేషనులకును నమూనాలు చేయువారికి ఇది చిరపరిచితము. అంగుళములో వేయవ వంతును వారు ‘థౌ’ అందురు. 10 థౌ అనగా ఇంచుమించు పావు మిల్లీమీటరు, 20 థౌ అర, 40 థౌ ఒకటి, 80 థౌ రెండు.

వారిలో మిక్కిలి ప్రచారమందున్న స్కేలు అడుగునకు 4 మిల్లీమీటర్లు, అనగా నిజవస్తువులో 76వ వంతు. లెక్క మనకు నోటికి వచ్చునదే: 3 అంగుళములకు 1 మిల్లీమీటరు. తొమ్మిదంగుళముల యిటుకగోడ 3 మిల్లీమీటర్లు. మా యింటి 18 అంగుళముల మట్టిగోడ 6. ఒకటిన్నర అంగుళముల తలుపుచెక్క అర. ఈ లెక్కను విడువరాదు. లావుపాటి గోడలో లోపలికి ఒదిగియున్న కిటికీయే పాత యింటికి ముఖకళ. గోడ పలుచనైనచో ఆ కిటికీ పైన అంటించిన చీటీవలె తోచును.

అయితే లెక్క చెప్పిన మందము అన్నియెడల సాధ్యము కాదు. పావు అంగుళపు ఇనుప రేకు ఈ స్కేలులో 0.08 మిల్లీమీటరు; దానిని చేతితో పట్టుకొనుటయే కష్టము. అప్పుడు అర మిల్లీమీటరు రేకునే వాడి, కంటికి కనబడు అంచును మాత్రము వెనుకనుండి ఏటవాలుగా చెక్కిన చాలును. చూచువారికి తెలియునది అంచే గదా!

ఇక బలము సంగతి. రేకు మందము రెండింతలైన, వంగకుండు బిగువు ఎనిమిదింతలగును. ఈ మాట విని నేను మోసపోతిని. ఆరు మిల్లీమీటర్ల గోడకని ఒక మిల్లీమీటరు రేకులారింటిని ఒకదానిపై నొకటి దట్టముగా అతికితిని. అతుకుటకు వాడునది మన బంకవంటిది కాదు, ప్లాస్టిక్కును కరగించు ద్రావకము. అది రెండు ముఖములను మెత్తపరచి, తాను ఆవిరియై పోయినపిమ్మట అవి యేకమగును. విశాలమైన రేకుల నడుమ చిక్కిన ఆవిరికి దారి లేదు. అది నెలల తరబడి మెల్లగా వెలువడుచు, ఒక ప్రక్క ముందు, ఒక ప్రక్క వెనుక ఆరి, గోడను వంచివేయును. పావు మిల్లీమీటరు రేకుపై ద్రావకము కొంచె మెక్కువైనచో నెలలు కూడ పట్టదు, అప్పుడే ముడుతలు పడును.

కావున కంటికి కావలసిన మందమును, నిలుచుటకు కావలసిన బలమును ఒకే రేకు నడుగరాదు. రెండవసారి గోడకు వెలుపల ఒక మిల్లీమీటరు రేకు, లోపల ఒకటి పెట్టి, నడుమ నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుగల పట్టీలను అడ్డముగను నిలువుగను నిలిపితిని. మొత్త మారు, లోన డొల్ల. ఆవిరి పోవుటకు లోపలి రేకునకు అక్కడక్కడ రంధ్రములు తొలిచితిని. రెండు ముఖములకును సమానమైన రేకులుండుటచే ఏ ప్రక్కకును లాగు లేదు.

కోతకు కూడ ఒక మిల్లీమీటరు రేకే అనుకూలము. ఉక్కు స్కేలు వెంట కత్తితో రెండుమూడు మారులు తేలికగా గీచి వంచిన, గీత వెంబడి చక్కగా విరుగును. రెండు మిల్లీమీటర్లదానికి పలుమారులు గీయవలెను. నాగటిచాలు కిరుప్రక్కల మట్టి లేచినట్లు అంచులు లేచును, వానిని చెక్కుట వేరొక పని.

ఈ రెండవ యిల్లు నాలుగు వేసవులు చూచినది, వంగలేదు. వీధియరుగు ఎత్తును మాత్రము నేనాడు కొలువ మరచితిని. చిన్ననాడు దానిపై కూర్చున్నప్పుడు నా కాళ్లు నేలకందెడివి కావు. ఆ గుర్తునుబట్టి రెండడుగులుగా నెంచి, 8 మిల్లీమీటర్లు పెట్టితిని.