యూరప్ యాత్రలో చివరి రోజు: వీసా లెక్కలో అదీ పూర్తి రోజే

మిత్రబృందంతో కలిసి యూరప్ చూసి వచ్చే తెలుగువారిలో ఒక అపోహ చాలాకాలంగా చెలామణి అవుతోంది. తిరుగు విమానం ఎక్కే రోజు ప్రయాణానికే గాని బసకు చెందదని, కాబట్టి అది వీసా లెక్కలోకి రాదని, స్టిక్కర్ మీద అచ్చయిన ఆఖరి తేదీ దాకా అక్కడ నిశ్చింతగా ఉండవచ్చని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకంలో ఏ ఒక్క అంశమూ నిజం కాదు. చట్టం దృష్టిలో చివరి రోజు మిగతా రోజులన్నిటితో సమానమైన పూర్తి రోజు; పైగా యాత్ర సక్రమంగా ముగిసిందో లేదో తేల్చేది ఆ రోజే.

1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న గ్రామం వద్ద, మోసెల్ నదిలో నిలిపిన పడవలో కూర్చుని ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రతినిధులు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేసేందుకు చేసుకున్న ఒప్పందం 1995 మార్చి 26న అమలులోకి వచ్చి, ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. ఈ దేశాలన్నిటినీ కలిపి 29 గదుల ఉమ్మడి ఇల్లుగా ఊహించుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. గదుల మధ్య తలుపులు తీసేశారు గనుక పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లేవారిని సాధారణంగా ఎవరూ ఆపరు. కాపలా అంతా వీధి గుమ్మం దగ్గరే ఉంటుంది. అందువల్ల ఎన్ని గదులు తిరిగినా ఇంటి లెక్కలో నమోదయ్యేవి రెండే: గుమ్మం దాటి లోపలికి వచ్చిన తేదీ, తిరిగి గుమ్మం దాటి బయటికి వెళ్లిన తేదీ.

ఈ రెండు తేదీల మధ్య లెక్క ఎలా సాగుతుందన్నదే అసలు విషయం. వీసా స్టిక్కర్ మీద రెండు వేర్వేరు అంశాలు ఉంటాయి: ఒకటి చెల్లుబాటు కాలం, అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపల ఆ వీసాను వాడుకోవచ్చో చెప్పేది, రెండోది బస దినాలు, అంటే ఆ కాలంలో మొత్తం ఎన్ని రోజులు ఉండవచ్చో చెప్పేది. ప్రయాణం అటూఇటూ అయితే ఇబ్బంది కలగకుండా, ఒకేసారి ప్రవేశానికి ఇచ్చే వీసాల్లో చెల్లుబాటు కాలానికి సాధారణంగా 15 రోజులు అదనంగా కలుపుతారు గాని బస దినాలను పెంచరు. ఉదాహరణకు జూన్ 1 నుంచి 12 వరకు యాత్ర తలపెట్టిన వారి వీసా మీద జూన్ 27 వరకు చెల్లుబాటు ఉన్నా, బస దినాలు 12 అని ఉంటే, జూన్ 1న దిగినవారు 12న బయటపడాలి. జూన్ 5న దిగితే 16 వరకు ఉండవచ్చు. జూన్ 20న దిగినవారికి మాత్రం 12 రోజులూ దక్కవు, 27తో చెల్లుబాటే ముగిసిపోతుంది గనుక ఎనిమిదే మిగులుతాయి. ఈ లెక్కలో 24 గంటల కొలతకు చోటు లేదు, రాత్రి 11.50కి దిగినా అది మొదటి రోజు, ఉదయం ఆరింటికి వెళ్లిపోయినా అది ఆఖరి రోజు.

చాలామంది పొరపడేది ఇంకొకచోట. రోమ్‌లో సాయంత్రం విమానం ఎక్కి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి గడిపి, మర్నాడు హైదరాబాద్ విమానం అందుకునేవారు రోమ్‌తోనే యూరప్ వదిలినట్టు భావిస్తారు గాని, అది ఒక గది నుంచి మరో గదికి మారడం మాత్రమే. పాస్‌పోర్ట్ తనిఖీ జరిగే గుమ్మం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది కాబట్టి నిష్క్రమణ తేదీ మర్నాటిదే అవుతుంది.

ఇంత స్పష్టమైన లెక్క ఉండగా, మంగళవారం కదలకూడదనో, వర్జ్యం ఉందనో తిరుగు ప్రయాణాన్ని ఒక రోజు జరుపుకోవడం అవివేకం. పంచాంగం చూసి ఎంచుకున్న శుభదినం వీసా గడువు దాటితే, అది అక్రమ బస కింద నమోదయ్యే దినమవుతుంది. గ్రహబలం ఏ సరిహద్దు అధికారికీ సమాధానం కాదు.

పాస్‌పోర్ట్ మీద ముద్ర సరిగా పడలేదనో, ఎవరూ లెక్క చూడరనో ధీమాగా ఉండే రోజులు కూడా పోయాయి. 2025 అక్టోబర్ 12న దశలవారీగా మొదలై, 2026 ఏప్రిల్ 10 పూర్తి అమలుకు గడువుగా పెట్టుకున్న ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ అనే విధానం ముద్రల స్థానంలో ప్రయాణికుల ముఖచిత్రాన్ని, రాకపోకల తేదీలను కంప్యూటర్లో భద్రపరచి, గడువు మించినవారిని తనంతట తానే గుర్తిస్తుంది. మరోవైపు 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం ప్రకటించిన నిబంధనల ప్రకారం, గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్ల వీసా లభించే వీలుంది. ఒక్క రోజు అలక్ష్యంతో చేజారేది ఈ అవకాశమే.

చివరి రోజున తేలవలసిన మరో లెక్క వ్యాట్, అంటే సరుకు ధరలోనే కలిసి ఉండే పన్ను. యూరోపియన్ యూనియన్ వెలుపల నివసించేవారు, కొన్న నెల తర్వాత మూడో నెల ముగిసేలోగా సరుకును వెంట తీసుకుపోతే ఆ పన్ను వాపసు పొందవచ్చు. ఫ్రాన్స్‌లో రేటు 20 శాతం గనుక 120 యూరోల వస్తువులో పన్ను 20 యూరోలు. మధ్యవర్తి సంస్థ రుసుము పోగా మిగిలింది చేతికి వస్తుంది. దీనికి దుకాణంలో ఇచ్చిన పత్రం, బిల్లు, పాస్‌పోర్ట్, వాడని సరుకు కస్టమ్స్ వారికి చూపించాలి కాబట్టి, పెట్టెను విమాన సంస్థకు అప్పగించక ముందే ఆ పని చేయాలి. ఇక్కడ స్విట్జర్లాండ్ ప్రత్యేకం: ఉమ్మడి ఇంట్లోనే ఉన్నా యూరోపియన్ యూనియన్‌లో చేరక వేరు కుంపటి పెట్టుకుంది. అందుచేత పారిస్‌లో కొని జ్యూరిక్ నుంచి ఇంటికి మళ్లేవారు ఫ్రాన్స్ వదిలేటప్పుడే కస్టమ్స్ ధ్రువీకరణ పొందాలి. జ్యూరిక్ విమానాశ్రయంలో అడిగితే ప్రయోజనం ఉండదు.

మిత్రులు కలిసి వెళ్లినా చట్టం ఎవరి లెక్క వారికే కడుతుంది. ఒకే బృందంలో ఒకరికి 12, మరొకరికి 20 బస దినాలు రావచ్చు. ఒకరి పేరున ఉన్న పన్ను పత్రం మరొకరికి చెల్లదు. కాబట్టి వీసా చేతికి అందిన నాడే ప్రతి ఒక్కరూ తమ స్టిక్కర్‌ను స్వయంగా చదివి, దిగే తేదీని ఒకటిగా ఎంచి, ఆఖరి తేదీ ఏదో లెక్కగట్టి, తిరుగు టికెట్టును దానితో సరిచూసుకోవాలి. ఏజెంట్ మాట మీదో, నిరుడు వెళ్లివచ్చిన స్నేహితుడి అనుభవం మీదో ఆధారపడి ఈ పనిని వదిలేయకూడదు.