కాలు వాచిందల్లా బోదకాలు కాదు
క్యాన్సర్ ఆపరేషన్ రోజునే వాపుకు అడ్డుకట్ట

విజయవాడ: బోదకాలు అంటే తెలియని వారు కృష్ణా డెల్టాలో ఉండరు. ఆరోగ్య సిబ్బంది రాత్రి పొద్దుపోయాక వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుపోవడం పెద్దవారికి గుర్తే. ఆ పరిచయమే ఇప్పుడు ఒక చిక్కు తెచ్చిపెడుతోంది. గర్భసంచి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన స్త్రీకి ఏడాదికో రెండేళ్ళకో ఒక కాలు బరువెక్కి వాస్తే, "బోదకాలేలే" అని ఇంటివారే తేల్చేస్తారు. మాత్రలు మింగిస్తారు. ఆ మాత్రలు బోద పురుగును చంపడానికి. ఈమె వాపుకు కారణం పురుగు కాదు.

మరి వాపు ఎందుకు? గజ్జల్లో బిళ్ళలు కట్టాయంటాం కదా, ఆ బిళ్ళలే లింఫు గ్రంథులు. కాలిలో ఊరే పలచని నీరు సన్నని గొట్టాల ద్వారా వాటిలోకి చేరి, పైకి పోయి, చివరకు రక్తంలో కలుస్తుంది. పొలానికి కాల్వ ఎంత అవసరమో మురుగు కోడు అంతే అవసరమని మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. క్యాన్సర్ సాధారణంగా మొదట పాకేది దగ్గరలోని ఇలాంటి గ్రంథులకే గనుక డాక్టర్లు వాటిని తీసివేస్తారు. అది తప్పనిసరి, ప్రాణం కోసం చేసే పని. కానీ కోడు పూడ్చినట్టవుతుంది. పైన కరెంటు కూడా పెడితే (రేడియేషన్‌ను మన వాళ్ళు అనేది అదే) ముప్పు పెరుగుతుంది. మర్మావయవాల క్యాన్సర్‌కు, పాదం మీద పుట్టే నల్లమచ్చ క్యాన్సర్‌కు గజ్జల గ్రంథులు తీసిన మగవారికీ ఇదే బాధ.

ఈ వాపు రాకముందే ఆపే మార్గాలు రెండున్నాయి. మొదటిది, అన్ని గ్రంథులూ తీయకపోవడం. మొట్టమొదట నీరు చేరే గ్రంథిని రంగుమందు సాయంతో గుర్తించి, దానిని మాత్రమే తీసి పరీక్షిస్తారు. అందులో క్యాన్సర్ లేకపోతే మిగిలినవాటి జోలికి పోరు. ఈ ఆలోచనను 1977లో కబానాస్ అనే వైద్యుడు ప్రచురించాడు. జబ్బు తొలి దశలో దొరికిన వారికే ఇది కుదురుతుంది.

రెండవది కొత్తది. ఇటలీలోని జెనోవా నగరంలో బొకార్డో, కాంపీసి అనే సర్జన్లు 2009లో దీనిని చేతి వాపు కోసం, రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసిన పనిగా ప్రకటించారు. తర్వాత గజ్జల ఆపరేషన్లకూ వాడారు. తొడలోకి నీలిరంగు మందు ఎక్కిస్తే లింఫు గొట్టాలు నీలంగా కనబడతాయి. గ్రంథులు తీసేటప్పుడు తెగిన ఆ గొట్టాల కొసలను అక్కడికక్కడే పక్కనున్న చిన్న సిరలోకి కుట్టేస్తారు. కోడు పూడింది గనుక పక్క డ్రెయిన్‌లోకి గండి కొట్టి నీరు వదిలినట్టన్న మాట. ఆ గొట్టాలు మిల్లీమీటరు కంటే సన్నం. కుట్టే దారం వెంట్రుక కంటే సన్నం. మైక్రోస్కోపు, దానిమీద చేయి తిరిగిన ప్లాస్టిక్ సర్జన్ ఉండాలి.

అందరికీ పనిచేస్తుందని మాత్రం అనుకోరాదు. చేతి మీద జరిగినంతగా కాలి మీద పరీక్షలు జరగలేదు. జరిగినవీ కొద్దిమంది మీదే. ప్రతి ఆసుపత్రిలోనూ దొరకదు. అయినా ఆపరేషన్‌కు ముందే అడగడంలో నష్టం లేదు. "డాక్టరు గారూ, గజ్జల్లో బిళ్ళలన్నీ తీస్తారా, ఒకటి తీసి చూస్తే చాలదా? వాపు రాకుండా గొట్టాలు కలిపే సర్జన్ ఉన్నారా?" అని అడగండి. మన వాళ్ళు మందు ధర అడుగుతారుగానీ ఇలాంటివి అడగడానికి మొగమాటపడతారు.

ఆపరేషన్ అయిపోయినవారు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. నాట్లకు వట్టి కాళ్ళతో బురదలో దిగితే గుల్ల గీసుకున్నా, ముల్లు గుచ్చుకున్నా చీము పట్టి జ్వరం వస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకాస్త ముదురుతుంది. సాయంత్రానికి చెప్పు బిగుతుగా అనిపించడం, చీర కుచ్చిళ్ళ దగ్గర కాలు బరువు తోచడం తొలి గుర్తులు. అప్పుడే పోతే బిగుతు మేజోళ్ళు, కట్లతో అదుపులో ఉంటుంది. మన ఎండల్లో ఆ మేజోళ్ళు తొడుక్కోవడం కష్టమే. పొద్దున లేచీ లేవగానే, కాలు ఇంకా వాయకముందే తొడుక్కుంటే సులువుగా ఎక్కుతాయి.