ఎలక్ట్రిక్ సైకిలుకు ఎన్ని వోల్టుల బ్యాటరీ కావాలి?

ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాల పైన సాగే తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ ఊళ్లో, డ్యూటీకి సైకిలుపై వెళ్లేవారు దానికి మోటారు బిగించుకోవాలంటే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: 24, 36, 48 వోల్టుల బ్యాటరీల్లో ఏది కొనాలి? రైలు తీగకు వర్తించే సూత్రమే సైకిలుకూ వర్తిస్తుంది.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 250 వాట్లు కావాలంటే 24 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 10.4 ఆంపియర్ల కరెంటు తీసుకోవాలి. 36 వోల్టులైతే 7, 48 వోల్టులైతే 5.2 ఆంపియర్లు చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే వోల్టేజి రెట్టింపైతే, అదే తీగలో వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. రైల్వేలు ఎక్కువ వోల్టేజి వాడటానికి ముఖ్య కారణం ఇదే.

అలాగని అందరూ 48 వోల్టులే కొనాలా? అక్కర్లేదు. మోటారు వేగం వోల్టేజిని అనుసరించి పెరుగుతుంది. 36 వోల్టుల మోటారుకు 48 వోల్టులు ఇస్తే వేగం దాదాపు మూడో వంతు పెరగవచ్చు. మన దేశంలో రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉన్నది 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండ్లకే. పైగా 48 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీలో సాధారణంగా 13 సెల్స్ వరుసగా ఉంటాయి. పూర్తిగా చార్జి అయినప్పుడు అది 54.6 వోల్టులు ఇస్తుంది. గరిష్ఠంగా 42 వోల్టులకు తయారైన కంట్రోలర్ దానికి కాలిపోవచ్చు.

వోల్టులు ఎక్కువైతే ఎక్కువ దూరం వెళ్తామన్నది అపోహ. దూరాన్ని నిర్ణయించేది వాట్-అవర్లు. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 360 వాట్-అవర్లు ఉంటాయి. 48 వోల్టులు, 7.5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలోనూ అంతే. కిలోమీటరుకు 12 వాట్-అవర్లు ఖర్చయితే రెండూ 30 కిలోమీటర్లే నడుస్తాయి.

కాబట్టి ముందు మోటారు, కంట్రోలర్‌పై రాసి ఉన్న వోల్టేజి చూసి, అదే వోల్టేజి బ్యాటరీ కొనండి. చదునైన రోడ్లపై ఒక్కరే వెళ్లడానికి 36 వోల్టులు సరిపోతాయి. బరువులు మోసే బండికి 48 వోల్టుల సెట్టు మేలు. చార్జరు మాత్రం ఆ బ్యాటరీకి ఉద్దేశించినదే వాడండి. 36 వోల్టుల లిథియం బ్యాటరీకి 48 వోల్టుల చార్జరు పెడితే మంటలు రేగే ప్రమాదం ఉంది.