మీకు తెలుసా? పాలకూర లెక్క సరిదిద్దుకున్న పుస్తకం

నారపల్లిలో వరంగల్ రోడ్డు పక్కన సాయంత్రం పూట ఆకుకూరలు అమ్మే అవ్వ దగ్గర ఒక పాలకూర కట్ట తీసుకోండి. వేర్లకు, కాడల మొదళ్ళకు మట్టి అంటుకునే ఉంటుంది. ఆ మట్టిని కాస్త గుర్తుపెట్టుకోండి. దేశమంతా నమ్మిన ఒక అంకెను అది చాలా ఏళ్ళు తప్పుదారి పట్టించింది.

న్యూట్రిషన్, హోమ్ సైన్స్ చదివినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్' పేరు చెప్పి చూడండి, ముఖం వెలిగిపోతుంది. డిగ్రీ మొదటి ఏడాది నుంచి పీహెచ్‌డీ దాకా ఏళ్ళ తరబడి అదే ఆధారంగా ఉండేది. ఆ పుస్తకం మన పక్కనే రూపు దిద్దుకుంది. నారపల్లి నుంచి ఉప్పల్, హబ్సిగూడ దాటి తార్నాక చేరితే అక్కడే జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అనే చోటు.

ఆ సంస్థ మూలం మాత్రం నీలగిరుల్లో ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద ఒకే గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన తర్వాత 1935లో వచ్చిన డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్ 1937లో మన తిండి పదార్థాల పోషక విలువలతో ఒక చిన్న బులెటిన్ వేయించాడు. అది సంచిక తర్వాత సంచికగా పెరిగింది. ఈలోగా 1958లో సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. 1971లో సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ ఇక్కడే ఆ బులెటిన్‌ను కొత్తగా రాసి, పైన చెప్పిన పేరు పెట్టారు. పదార్థాల పేర్లు తెలుగుతో సహా మన భాషల్లోనూ ఇచ్చారు. రాగుల్ని ఒక ఊళ్ళో చోళ్ళనీ ఇంకో ఊళ్ళో తైదలనీ పిలిచే మనకు ఆ పేర్ల పట్టిక ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఇక పాలకూర సంగతి. పాత ముద్రణల్లో 100 గ్రాముల పాలకూరలో 10.9 మిల్లీగ్రాముల ఇనుము ఉందని ఉండేది. 1989లో బి.ఎస్. నరసింగరావు, వై.జి. దేవస్థలే, కె.సి. పంత్ సవరించిన ముద్రణలో అది 1.14 అయింది. దాదాపు పదో వంతు! మెంతికూర 16.5 నుంచి 1.93కి దిగింది. ఆకుకు అంటిన మట్టిలోని ఇనుము కూడా ఆకు ఖాతాలో పడిపోవడమే పాత అంకెలు అంత పెద్దగా ఉండడానికి కారణం. దాన్ని వదిలించి కొలిస్తే అసలు లెక్క బయటపడింది.

ఇది చిన్న సవరణ కాదు. వయోజన స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని 2020 నాటి సిఫార్సు. పాత అంకెతో లెక్కవేస్తే 270 గ్రాముల పాలకూర చాలు. సవరించిన అంకెతో రెండున్నర కిలోలు కావాలి! రక్తహీనతతో నీరసించిన కోడలికి "రోజూ పాలకూర పెడుతున్నాం కదా" అని ధైర్యం చెప్పుకున్న ఇళ్ళెన్నో. తాను వేసిన అంకెను అదే సంస్థ సరిదిద్ది అచ్చువేయడం నాకు ఎప్పటికీ గౌరవంగా తోచే పని.

పని అక్కడితో ఆగలేదు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా చేసి సరుకులు సేకరించి, 528 పదార్థాల్లో 151 అంశాలను కొలిచి, టి. లోంగ్వా బృందం 2017లో 'ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్' తెచ్చింది. అందులో పాలకూర ఇనుము మళ్ళీ కాస్త పెరిగి 3 మిల్లీగ్రాముల దగ్గరకు వచ్చింది. ఉసిరికాయ సి విటమిన్ మాత్రం పాత పుస్తకంలోని 600 నుంచి 252కి తగ్గింది. అయినా జామకాయ కంటే ఉసిరిదే పైచేయి.

కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్' కాపీ ఏదైనా చేతికి దొరికితే, ముందు ముద్రణ సంవత్సరం చూసి, తర్వాత ఆకుకూరల పేజీ తెరవండి.