వార్తల్లో పదం: సమీకృత వైద్యం

అల్లోపతి చికిత్స మానకుండా, దానికి తోడుగా సిద్ధ, ఆయుర్వేదం, యోగా వంటివాటిని వైద్యుల పర్యవేక్షణలో వాడటమే సమీకృత వైద్యం. అసలు చికిత్సను మానేసి వీటికి మారితే అది ప్రత్యామ్నాయ వైద్యం. ఈ తేడా చాలా ముఖ్యం.

చెన్నైకి సమీకృత వైద్యంపై చర్చ కొత్త కాదు. తాంబరం శానటోరియంలో జాతీయ సిద్ధ సంస్థ 2005 నుంచి నడుస్తోంది. 2020లో కొవిడ్ వేళ నగరంలో కబసుర కుడినీర్ అనే సిద్ధ కషాయాన్ని విరివిగా పంచారు.

మరి ఏది వాడొచ్చు? 2002లో అమెరికాలో కోహెన్, ఐసెన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతి సూచించారు. భద్రత, ఫలితం రెండింటికీ ఆధారాలుంటే వైద్యుడు సిఫారసు చేయవచ్చు. హాని లేదు గానీ ఫలితం తేలలేదంటే, రోగి కోరితే అనుమతించి గమనిస్తూ ఉండాలి. రోగి ఇష్టానికి ఎక్కువ చోటు ఇక్కడే. హానికరమని, ఫలితం లేదని తేలితే మాత్రం ఎంత అడిగినా వద్దనాల్సిందే.

మూలికలన్నీ నిరపాయమనుకోవడం పొరపాటు. అతిమధురం అతిగా తింటే రక్తపోటు పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు. వార్‌ఫరిన్ వాడేవారికి పసుపు మాత్రలతో రక్తస్రావం ముప్పు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీరు తీసుకునే చూర్ణాలు, కషాయాల పేర్లు కూడా దాచకుండా చెప్పండి.