శిశిరమున పెరటిపనులు

రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము సూర్యునికి నివేదించుటతో చాల ఇండ్లలో ఆ పాదు పని తీరినట్లే. మిగిలిన కాయలు కోసి కూర వండి, తీగను పీకి పారవైచి, ఆ పందిరికే వేసవి బీరతీగను ఎక్కించెదరు. మేమును అట్లే చేసెడివారము. ఇప్పుడు చేయము. ఏల చేయమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. దానితోపాటు మాఘ ఫాల్గుణములలో పెరటియందు చూచుకొనవలసినవి కొన్ని సోదరీమణులకు మనవి చేసెదము.

మా వారు బడిపంతులు. బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడెల్ల పెంచిన చెట్లను విడిచి, గింజలను మాత్రము మూటగట్టుకొని కదలుట మాకు అలవాటు. ఇప్పుడున్న ఊరు మహదేవపూర్. 2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. దసలిపట్టు నేతకు పేరొందినది. ప్రాణహిత గోదావరిలో కలియు కాళేశ్వరము ఈ మండలమునందే కలదు. అడవి చెంత నుండుటచే పుష్యమున చలి గట్టిగనే యుండును. శివరాత్రికి ముక్తీశ్వరుని దర్శింప యాత్రికులు వచ్చునాటికి ఉదయపు మంచు పలుచబడి, మధ్యాహ్నపుటెండ చురుక్కుమనును. ఈ నడుమనున్న కొలది వారములే పెరటికి మిక్కిలి ముఖ్యమైనవి.

ఈ ఋతువున తోటపని యనగా సగము చేయి కట్టుకొని యుండుటయే. మామిడి పూతకు ముందు నీరు పోయరాదు. తొలియేడు మేము జాలిపడి, బావినీరు దినదినమును తోడి చెట్టు మొదట పోసితిమి. చెట్టు ఎఱ్ఱని లేజిగుళ్లతో కన్నుల పండువుగా నుండెను గాని పూత మాత్రము రాలేదు. ఆ సంవత్సరము ఆవకాయకు కాయలు కొనవలసి వచ్చినది! పిందె బఠాణీగింజంత యైన పిదపనే నీరు మొదలిడవలెను. మల్లెయు నిట్లే. పుష్యము చివర నీరు మాన్పి, ఆకు దూసి, నేలనుండి మూరెడెత్తున కొమ్మలు కత్తిరించి, ఆపైన ఎరువువేసి తడిపినచో వేసవి ముఖమున మొగ్గ తొడుగును. కత్తిరించిన పొదను చూచి కంట తడి పెట్టుకొనువారిని మేమెఱుగుదుము. అట్టివారింట మల్లె ఆకులే గాని పూవులు తక్కువ.

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో, కొమ్మలు వేయని లేతమొక్కలను శిశిరమున పెకలించి వేఱొకచోట నాటవలెననియు, నాటిన చెట్లకు చలికాలమున దినము విడిచి దినమును, ఎండకాలమున ఉదయ సాయంకాలములను నీరు పోయవలెననియు చెప్పినాడు. మాకు నిది చక్కగ పనికివచ్చినది. కాని మా వైపు ఎండ కఠినము గనుక, అట్లు నాటిన మొక్కకు చైత్రమున తాటాకు నీడ యైనను కావలయును.

వేసవి పాదులకు విత్తనము మాఘమందే పడవలెను. బీర, సొర, కాకర, దోస, బెండ యన్నియు ఇప్పుడే. కాకరగింజ పెంకు గట్టిది. రాత్రి నానవేసి పెట్టుట మేలు. పూచిన పూవు పూచినట్లే రాలిపోవుచున్నదని క్రొత్తకాపురపు పిల్లలు దిగులుపడుచుందురు. తొలుత వచ్చునవి మగపూవులు. వెనుక చిన్నపిందె గలది ఆడపూవు. తేనెటీగలు రాని పెరటిలో మగపూవు పుప్పొడిని ఆడపూవునకు మనమే అంటింపవలెను. గుమ్మడికి తెల్లవారుజామున, బీరకు సొరకు దీపాలవేళ. ఆ పూవులు అప్పుడే విచ్చును.

కోతుల మాట చెప్పకున్న ఈ వైపువారు మమ్ము నమ్మరు. జామ, సొర, బెండ యేదియు దక్కనీయవు. మా పెరటిలో అవి ముట్టనివి కాకర, పసుపు, మిరప మాత్రమే.

ఇక చిక్కుడు సంగతి. మా అత్తగారు తమ పుట్టినింటినుండి తెచ్చిన చిక్కుడు అది. వెడల్పుకాయ, అంచున ఊదారేఖ, గింజ కమ్మన. ఆమె గతించిన మఱుసటి యేడు రథసప్తమికి బంధువులు వచ్చినారు. ఉన్న కాయలన్నియు కోసి వండితిమి, తీగను పీకించితిమి. పాతగింజలు సొరబుఱ్ఱలో కలవను ధైర్యము. ఆషాఢమున బుఱ్ఱ బోర్లించగా పిండియు పురుగులును రాలినవి. ఆ దినమున మాకు అన్నము సయింపలేదు. అంగడిలో చిక్కుడుగింజలు దొరకును గాని ఆమె చిక్కుడు దొరకదు గదా!

రెండేండ్ల తరువాత, మునుపు మేమున్న యూరికి పెండ్లికి పోయితిమి. మా పొరుగున నుండిన ముసలమ్మ మమ్ము జూచి, "పంతులమ్మా, మీ చిక్కుడు ఇత్తునం మా ఇంట్ల భద్రంగున్నది, తీస్కపోండ్రి" అన్నది. బదిలీపై వచ్చునప్పుడు ఆమె చేతిలో పిడికెడు పోసి వచ్చిన మాటయే మేము మఱచితిమి.

అందుచే ఇప్పుడు మాఘమున, పాదు నడిమి భాగమున తెగులులేని గుత్తులను ఏఱి ఎఱ్ఱదారము కట్టెదము. వానిని ఎవ్వరును కోయరాదు. కాయ తీగమీదనే ఎండవలెను. ఒలిచిన గింజలను ఎండబెట్టి, పంట కొఱికిన టప్పున విరిగినప్పుడు, జల్లించిన బూడిదతో కలిపి మూతగట్టి దాచెదము. చిక్కుడు చాలవఱకు తనపూతతోనే కాయునది గనుక మఱు సంవత్సరమును అదేకాయ కాయును. కొన్న సంకరజాతి గింజలకు ఆ నిలుకడ యుండదు. సొర, దోసలలో చేదుకాయ కాచిన పాదు విత్తనము ఎన్నటికిని దాచరాదు.

ముల్లంగి, దోస, వంగ, గుమ్మడి, సొర, వెల్లుల్లి మొదలగువాని విత్తనములు సేకరించి కాలమున నాటుట ఇల్లాలి పనియని వాత్స్యాయనుడు భార్యాధికరణమున వ్రాసినాడు. ఆ గ్రంథము పేరెత్తుటకే మనవారు జంకుదురు గాని, ఆ ప్రకరణమును మా తండ్రిగారే మాకు చదివి వినిపించినారు.

గింజలను మూడు పాళ్లు చేసెదము: ఒకటి మాకు, ఒకటి పొరుగింటికి, ఒకటి ఆ ముసలమ్మకు. ఈ యేడు తొమ్మిది గుత్తులకు దారము కట్టితిమి. ఒకదానిని కోతి త్రుంచినది. తక్కిన యెనిమిదియు హోళీనాటికి ఎండి గలగలలాడవలెను. బీరపాదు అందాక గోడవెంట ప్రాకును.